లెన్సుల ఫ్యాక్టరీలో నటీమణులు

అకిరా కురొసావా రెండో సినిమా 'ఇచిబాన్ ఉత్సుకుషికు' 1944లో, జపాన్ యుద్ధంలో ఉండగానే విడుదలైంది. నౌకాదళం మొదట ఆయన్ని జీరో యుద్ధవిమానాల మీద సినిమా తీయమంది. షూటింగుకు విమానాలు ఇచ్చే పరిస్థితి లేకపోవడంతో, సైన్యానికి లెన్సులు తయారుచేసే ఫ్యాక్టరీ అమ్మాయిల కథను ఆయన ఎంచుకున్నాడు.

అత్యవసరంగా ఉత్పత్తి పెంచాలంటూ మగవాళ్లకు నూటికి నూరు శాతం, ఆడవాళ్లకు 50 శాతం అదనపు లక్ష్యం పెడతారు. తమను తక్కువ చేశారని అమ్మాయిలు నొచ్చుకుని, మగవాళ్ల లక్ష్యంలో మూడింట రెండు వంతులు తమకూ కావాలని పట్టుబడతారు. ఇది ప్రచార చిత్రమే. ఆ త్యాగాన్ని అడిగిన ప్రభుత్వాన్ని సినిమా ఎక్కడా ప్రశ్నించదు. అయినా ఈనాటికీ చూడాలనిపించేది అందులోని మనుషుల వల్ల.

ఆ మనుషులు తెర మీదికి ఊరికే రాలేదు. కురొసావా ముందుగా నటీమణుల మేకప్ తీయించాడు. పరుగులు పెట్టించాడు, వాలీబాల్ ఆడించాడు, పిల్లనగ్రోవులు, డ్రమ్ములు నేర్పించి వీధుల్లో కవాతు చేయించాడు. తర్వాత హిరాత్సుకాలోని నిప్పన్ కొగాకు ఫ్యాక్టరీ హాస్టల్లోనే ఉంచి, కార్మికుల దినచర్యనే వాళ్లకూ పెట్టాడు. ఆయనకు కావలసింది డాక్యుమెంటరీలో కనిపించే సహజత్వం. అది దొరికింది కూడా. యంత్రాల ముందు కూర్చున్న వాళ్ల ముఖాల్లో అలసట నటనగా అనిపించదు.

ఈ పద్ధతి ఫలించిందని చెప్పడానికి ఒక్క ఘట్టం చాలు. నాయకురాలు వతనబే చేతిలోని ఒక లెన్సు, సరిచూడకుండానే పూర్తయిన వాటిలో కలిసిపోతుంది. అది ఏ ఆయుధంలోకైనా చేరితే గురి తప్పుతుంది. వేల లెన్సుల్లో ఆ ఒక్కదాని కోసం ఆమె రాత్రంతా, నిద్ర ఆపుకోవడానికి పాడుకుంటూ, మైక్రోస్కోపు ముందు కూర్చుంటుంది. కెమెరా తొందరపడదు. దేశభక్తి నినాదాలు వెనక్కి వెళ్లిపోయి, పని పట్ల ఒక మనిషికుండే బాధ్యత ముందుకొస్తుంది. చివర్లో తల్లి చనిపోయిందన్న కబురు వస్తుంది. ఫ్యాక్టరీ పెద్దగా నటించిన తకాషి షిమురా ఇంటికి వెళ్లమన్నా ఆమె వెళ్లదు. ఏడుస్తూనే పనిలో కూర్చుంటుంది. రాజ్యం మెచ్చుకోవాలనుకున్న త్యాగం ఎంత ఖరీదైనదో ఆ కన్నీళ్లే బయటపెడతాయి.

వతనబేగా నటించిన యోకో యాగుచిని కురొసావా 1945లో పెళ్లి చేసుకున్నాడు. ఆమె నటన మానేసింది. ఆ బృందంలో ఇంకా చాలామంది కూడా పెళ్లిళ్లు చేసుకుని పరిశ్రమ వదిలేశారు. ఇది తన గొప్ప సినిమా కాకపోయినా, తనకు అన్నిటికన్నా ప్రియమైనదని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు.