ఐదో ఏడాదికి ఒక స్తుతి

అరవై సంవత్సరాలకీ పేర్లు పెట్టుకున్నవాళ్ళం మనం. ప్రభవ దగ్గర మొదలుపెట్టి అక్షయ దాకా తడుముకోకుండా అప్పజెప్పే పెద్దవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. పంచాంగం నిన్ను విశ్వావసు అంది. గంధర్వుడి పేరు. పళ్ళు తోముకునేటప్పుడు కూడా పాట ఆపని పిల్ల ఉన్న ఇంటికి తగిన పేరే. కానీ నువ్వు మా ఇంటికి ఉగాది దాకా ఆగలేదు. అంతకు రెండు వారాల ముందే, ఆక్లాండ్‌లో ఎండ మెత్తబడి, ఫీజోవా కాయలు చెట్ల కింద రాలడం మొదలయ్యే మార్చిలో, మా చిట్టికి నాలుగు నిండిన రోజున గుమ్మం ఎక్కావు. దాని ఐదో ఏడాదీ, నీకు నమస్కారం.

నీ ముందు వచ్చిన నలుగురికీ లేని ఘనత ఈ దేశం నీకిచ్చింది. మన దగ్గరైతే జూన్‌లో బడి తెరిచిన రోజున ఈడు పిల్లలంతా ఒక్కసారే వెళ్ళి పడతారు. ఏడుపులన్నీ కలిసిపోయి ఎవరిది ఎవరిదో తెలియదు. న్యూజిలాండ్‌లో చట్టప్రకారం ఆరేళ్ళు వచ్చేదాకా బడి తప్పనిసరి కాదు. అయినా ఎక్కువమంది ఐదు నిండగానే పంపించేస్తారు. టర్ముకోసారి గుంపుగా చేర్చుకునే బడులూ ఉన్నాయిగానీ, మేం చూసుకున్నచోట ఎవరి పుట్టినరోజు వాళ్ళకి ప్రవేశం. అంటే, నువ్వు ఏ రోజున వెళ్ళిపోతావో నువ్వు వచ్చిన రోజునే మాకు తెలుసు. అలా ముందే తెలిసి గడిపిన ఏడాది మా ఇద్దరి బతుకుల్లో ఇంకోటి లేదు.

నీ మొదటి నెలల్లో ఒక నర్సు దాన్ని కూర్చోబెట్టి చూపు, వినికిడి, బరువు, పొడుగు చూసింది. బడికి ముందు నాలుగేళ్ళ పిల్లలందరికీ ఇక్కడ ఉచితంగా చేసే పరీక్ష. దీన్ని కన్నప్పుడు నా చేతిలో పెట్టిన ఆరోగ్యం పుస్తకంలో, వంపు గీతల మధ్య చుక్కలు పెడుతూ వచ్చారు. ఆ చుక్కల్లో నీదే ఆఖరిది. ఈ దేశంలో ఇంటింటికీ వచ్చే పసిపిల్లల నర్సుల పద్ధతికి 1907లో డునీడిన్‌లో ట్రూబీ కింగ్ అనే డాక్టరు పునాది వేశాడు. ప్లంకెట్ సంస్థ అప్పటిదే. ఆయన చేసిన మేలు పెద్దదేగానీ, గడియారం చూసి నాలుగ్గంటలకోసారే పాలివ్వమనేవాడు. ఈ మాట మా అమ్మతో అంటే, "మధ్యలో ఏడిస్తే గడియారాన్ని ఎత్తుకుంటారా?" అంది. నీ ఆఖరి చుక్కలో పిల్ల పొడుగు పట్టింది, బరువు పట్టింది. అద్దం ముందు నిలబడి తన జడ తనే వేసుకుంటానని రబ్బరుబ్యాండుతో చేసిన యుద్ధం పట్టలేదు.

కిండర్‌గార్టెన్‌లో ఒక వడ్రంగి బల్ల ఉంది. నిజం సుత్తి, నిజం రంపం, నిజం మేకులు. టీచరు పక్కన నిలబడుతుంది, చెయ్యి మాత్రం పట్టదు. మా చిట్టి రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని, మేకుని రెండు వేళ్ళతో నిలబెట్టి, నాలిక కొసని పైపెదవి మీదకి తెచ్చి, మెల్లగా ఒకటి, మెల్లగా ఇంకోటి కొట్టింది. మేకు తనంతట తను నిలిచాక వేళ్ళు తీసేసి గట్టిగా ఒక్కటేసింది. వంకర పోయింది. టీచరుని అడిగి పీకించుకుని, మళ్ళీ నిలబెట్టింది. ఇంట్లో అయితే ఆ సుత్తి ఎప్పుడో నా చేతికి వచ్చేసేది. ఆ రోజు సంగతి టీచరు ఒక పేజీ రాసి, ఫొటో అంటించి దాని ఫైల్లో పెట్టింది. నన్ను ఉద్దేశించి కాదు, నేరుగా దాన్నే "నువ్వు" అంటూ రాసింది. 1996లో 'తె ఫారికి' అనే పాఠ్యప్రణాళిక వచ్చాక, మార్గరెట్ కార్ అనే విద్యావేత్త ముందుకు తెచ్చిన పద్ధతి ఇది. మార్కుల్లేవు, కథలున్నాయి. ఒకటి, ఒకటి, రెండు, మూడు అంటూ టీవీలో ర్యాంకులు అరిచి చెప్పే చోటు నుంచి వచ్చినవాళ్ళం. వంకరపోయిన మేకుకి ఒక పేజీ దక్కడం మాకు కొత్త.

ఇన్ని చేశావుగానీ, నాకు అన్నిటికన్నా నచ్చింది చందమామ సంగతి.

శీతాకాలం. ఆరు కాకుండానే చీకటి. పెరట్లో తడిసిన గడ్డి మీద నిలబడి, నిండు చందమామలో కుందేలుని చూపించాను. భూమధ్యరేఖకి ఇవతల ఉన్నాం కాబట్టి మన ఊళ్ళో కనిపించే కుందేలు ఇక్కడ తలకిందులు. చవితి చంద్రుడు కూడా ఇక్కడ ఎడమ పక్కన వెలుగుతాడు. ఇన్నేళ్ళయినా నేను మెడ వంచి, తల పక్కకి తిప్పితేగానీ నా కుందేలు నాకు దొరకదు. మా చిట్టి మాత్రం ఉన్నది ఉన్నట్టు గీసేసింది. చెవులు కిందకి, కాళ్ళు పైకి. ఆదివారం వీడియోలో అమ్మమ్మకి చూపించింది. మాకు రాత్రి ఏడు, తెనాలిలో మధ్యాహ్నం పన్నెండున్నర. అమ్మమ్మ వెనక కుక్కరు కూత.

"కుందేలు తలకిందులైందేంటమ్మా?"

"కుందేలు బాగానే ఉంది అమ్మమ్మా. నువ్వే ఫోను తిప్పు."

అమ్మమ్మ నిజంగానే తిప్పింది. ఐదో ఏడాదీ, ఇన్నాళ్ళూ ఈ దేశంలో అన్నీ తిరగబడి ఉన్నాయని మేం చెప్పుకుంటూ వచ్చాం. సంక్రాంతికి ఎండలు, ఉగాదికి ఆకురాలు కాలం, ఆషాఢానికి చలి. తిరగబడింది మా లెక్కలేనని, ఆ పిల్ల కాళ్ళ కింద నేల సరిగ్గానే ఉందని నువ్వు చెప్పావు. కాళ్ళ కింద అంటే ఒట్టి కాళ్ళ కిందే. సూపర్‌మార్కెట్‌కి కూడా చెప్పుల్లేకుండా వచ్చే పిల్లల దేశం ఇది. మా వాకిట్లో ఆ చిన్న చెప్పులు కొన్నప్పటి మెరుపు పోకుండా అలాగే ఉన్నాయి.

చుక్కలదీ అదే వరస. కృత్తికలు మనకి కార్తీక పున్నమి నాడు చంద్రుడి పక్కన కనిపిస్తాయి. మావోరీలకి అవి మతారికి. కొన్నాళ్ళు కనపడకుండా పోయి, నడి శీతాకాలంలో తెల్లవారుజామున ఈశాన్యంలో మళ్ళీ తేలినప్పుడు వాళ్ళకి కొత్త సంవత్సరం. 2022 నుంచి దేశమంతటికీ సెలవు. తేదీ చంద్రుణ్ణి బట్టి ఏటా మారుతుంది. తిథులు చూసుకుని పండగ చేసుకునే ఇళ్ళకి ఇదేం వింత కాదు. జ్యేష్ఠం చివర ఆ తెల్లవారుజామున మౌంట్ రాస్కిల్ గుట్ట ఎక్కాం. గమ్‌బూట్లు, రెండు స్వెటర్లు, ఫ్లాస్కులో పాలు. అంతా మబ్బు. కాసేపటికి ఒకచోట మబ్బు చిరిగి గుప్పెడు చుక్కలు బయటపడ్డాయి. కుమారస్వామికి పాలిచ్చిన ఆరుగురు తల్లులని నేనంటే, "కాదు, తొమ్మిది" అంది. కిండీలో తొమ్మిది పేర్లూ పాటగా నేర్పారు. ఆరా తొమ్మిదా అని ఆ చలిలో మా ఇద్దరికీ తగువు. ఆ తొమ్మిదిలో పొహుతుకావా అనే చుక్క పోయినవాళ్ళది. ఆ ఏడు వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు పైకి పిలవాలి. మా మామగారు పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. పెద్దవాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగా మా చిట్టి "తాతయ్యా!" అని గుట్టంతా వినపడేలా పిలిచింది. పిలిచి ఊరుకోలేదు, "నాకిప్పుడు నాలుగు!" అని కూడా చెప్పింది. మా ఆయన అటు తిరిగి ఫ్లాస్కు మూత బిగిస్తూ ఉండిపోయాడు, అది ముందే బిగించి ఉన్నా.

తర్వాతివన్నీ నువ్వు హడావిడిగా నడిపించేశావు. ఆగస్టులో కార్న్‌వాల్ పార్కులో కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు. దీపావళి అక్టోబరులో వస్తే ఇక్కడ టపాకాయలు అమ్మేది నవంబరు 2 నుంచి 5 దాకానే, కాబట్టి ఒట్టి ప్రమిదలే. అవి వెలిగిద్దామంటే ఏడున్నర దాకా పొద్దు గూకదు. డిసెంబరులో సముద్రం ఒడ్డున పొహుతుకావా చెట్లు ఎర్రగా విరగబూస్తే, రాత్రి ఎనిమిదింటికి ఎండలో నిలబడి "సూర్యుడు పడుకోలేదు, నన్నెందుకు పడుకోమంటావు?" అని వాదన. జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

పట్టుకుపోయినవీ ఉన్నాయిలే. మధ్యాహ్నం నిద్ర తీసుకుపోయావు, దాంతో పాటు నా కునుకు కూడా. గోరుముద్దలు తీసుకుపోయావు. ఇప్పుడు బొమ్మల్ని ముద్దు చేసేది ఇంగ్లీషులో, కసురుకునేది తెలుగులో. ఆ తెలుగు ఎవరి నోటి నుంచి ఎత్తుకుందో అడగక్కర్లేదు, అచ్చం నా విరుపే. ఇచ్చినదానికీ తీసుకున్నదానికీ చెల్లు రాయమని నిన్ను అడగను. పిల్ల సంచీకి కొత్త బడిలో కొక్కెం కేటాయించారు. చూసి రావడానికి వెళ్ళిన రోజున సంచీ అదే తగిలించింది, నా వైపు చూడకుండానే ఇసుక గుంటలోకి పోయింది.

భోగి సంగతి మధ్యలో దాటేశాను. నడివేసవిలో వచ్చింది. రేగుపళ్ళు ఎక్కడ తేను? చెప్పకుండా పళ్ళు పట్టుకుని ఈ దేశంలో దిగితే విమానాశ్రయంలోనే 400 డాలర్ల జరిమానా. అందుకని వైకాటో బ్లూబెర్రీలు, పెరటి బంతిరేకులు, నానబెట్టిన శనగలు, రాగిరంగు పది సెంట్ల నాణేలు. పట్టు పరికిణీ కట్టుకుని పీట మీద కూర్చుని, తల మీంచి జారిన బ్లూబెర్రీలు ఒళ్ళోంచి ఏరుకుని తింటూనే ఉంది. ఆ పరికిణీకి పడ్డ ఊదా మరకలు పోలేదు. మా వైపు ఐదేళ్ళు నిండేదాకానే పోస్తారు, ఇదే నీకు ఆఖరిదని పిల్లకి చెప్పాను.

"అయితే వచ్చేసారి నేను పోస్తా."

ఎవరికి పోస్తావే, మనింట్లో చంటిపిల్లలు లేరుగా అంటే, మాట్లాడకుండా కంచె దగ్గరకి పరిగెత్తింది. పక్కింట్లో టోంగా వాళ్ళ బాబుకి ఇంకా పళ్ళు రాలేదు. వాళ్ళమ్మ బట్టలు ఆరేస్తోంది. ఇది ఏం చెప్పిందో, ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు. కాసేపటికి ఆవిడ కంచె మీంచి నన్ను పిలిచి, పోసిన నాణేలు ఎవరికి చెందుతాయని అడిగింది. బాబుకేనన్నాను. మా చిట్టి సగం అంది.