బల్ల దగ్గరికి రానివాళ్లు

నెలలో మొదటి ఆదివారం మా గుళ్లో ప్రభువు బల్ల ఉంటుంది. వరుస వెనక వరుస లేచి ముందుకు కదులుతుంది. ఆడవాళ్లు కొంగు సర్దుకుని మోకరిస్తారు. అయ్యగారు రొట్టె, గిన్నె పట్టుకుని వస్తారు. ప్రతిసారీ ఇద్దరో ముగ్గురో లేవరు. పక్కవాళ్లకు దారివ్వడానికి కాళ్లు ముడుచుకుని, కీర్తనల పుస్తకంలోకి చూస్తూ కూర్చుంటారు. వాళ్లేమీ నమ్మకం లేనివాళ్లు కారు. ఇంటి కూటాలకు అందరికన్నా ముందొచ్చేది వాళ్లే. అడిగితే ఒకటే మాట: “నాకు యోగ్యత లేదండీ.” మగవాళ్లయితే అడగనివ్వరు కూడా.

దీనికి వాళ్లు చూపే ఆధారం పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, పదకొండో అధ్యాయం. అయోగ్యంగా తినేవాడు తీర్పు కొనితెచ్చుకుంటాడన్న హెచ్చరిక అక్కడుంది. భయపెట్టే మాటే. కానీ కాస్త పైనుంచి చదివితే ఆ కోపం ఎవరి మీదో తెలుస్తుంది. కొరింథు సంఘంలో కొందరు ఎవరికోసమూ ఆగకుండా తినేసి, తాగి మత్తులో ఉంటే, లేనివాళ్లు ఆకలితో సిగ్గుపడి నిలబడేవారు. ఆ పొగరును గద్దించడానికి రాసిన మాటలు, రాత్రంతా ఏడ్చి గుడికొచ్చిన మనిషిని ఆపుతున్నాయి. పైగా పౌలు పరీక్షించుకుని మానేయమనలేదు, పరీక్షించుకుని తినమన్నాడు. పాపం గురించి గంటన్నర, క్షమాపణ గురించి ముగింపు ప్రార్థనలో రెండు ముక్కలు చెప్పే ఉజ్జీవ కూటాల ప్రసంగీకులకు ఎవరైనా ఈ సంగతి గుర్తుచేస్తే బాగుండు.

తమకు తామే శిక్ష వేసుకునేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఓల్నీ గుర్తొస్తుంది. ఇంగ్లండులో లేసు అల్లి బతికిన చిన్న ఊరు. 1764 నుంచి అక్కడి పాదిరి జాన్ న్యూటన్. ఆయన ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్. 1748లో సముద్రంలో తుఫాను ముంచుకొస్తే దేవుణ్ని పిలిచాడు, మనసు తిప్పుకున్నాడు. చిత్రమేమిటంటే ఆయన కెప్టెనయ్యింది ఆ తర్వాతే. 1754 దాకా ఆఫ్రికా మనుషుల్ని గొలుసులు వేసి అట్లాంటిక్ దాటించాడు. మానేసింది కూడా మనస్సాక్షి పొడిచి కాదు, జబ్బు చేసి.

అదే ఊళ్లో 1767 నుంచి విలియం కూపర్ ఉండేవాడు. కవి, బిడియస్తుడు, కుందేళ్లను సాకినవాడు. ఒకరికి హాని చేసిన మనిషి కాదు. 1763లో మతి చెదిరితే సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ కాటన్ దగ్గర ఉంచారు. అక్కడే రోమీయులకు రాసిన పత్రిక చదువుతూ తేరుకున్నాడు. ఓల్నీకి వచ్చాక న్యూటన్‌తో కలిసి కీర్తనలు రాశాడు. 1773 కొత్త సంవత్సరం రోజున న్యూటన్ తన ప్రసంగం కోసం ఒక పాట సిద్ధం చేశాడు. ఇవాళ లోకమంతా పాడుకునే ‘అమేజింగ్ గ్రేస్’ అదే. అదే జనవరిలో కూపర్ మళ్లీ కూలిపోయాడు. ఆ తర్వాత వచ్చిన ఒక కలలో, ఇక నీ పని అయిపోయిందన్న తీర్పు విన్నాడు. 1800లో కన్నుమూసేదాకా ఆ తీర్పునే నమ్మాడు. మళ్లీ గుడి గడప తొక్కలేదు.

ఘోరం చేసినవాడికి నెమ్మది, చేయనివాడికి యావజ్జీవం. న్యూటన్ మీద నాకు చాలాకాలం కోపముండేది. కొంత ఇప్పటికీ ఉంది. ఓడ అడుగున మనుషుల్ని కుక్కినవాడు కృప మీద అంత తీయగా ఎలా పాడాడు? కానీ ఆయన జీవితం అక్కడ ఆగలేదు. సముద్రం వదిలిన మూడు దశాబ్దాల తర్వాత, 1788లో, బానిస వ్యాపారం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. తను చూసినవీ, తను భాగం పంచుకున్నవీ పేరుపెట్టి చెప్పాడు. 1790లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. అంటే ముందు శాంతి వచ్చింది, నేరం ఎంతదో పూర్తిగా కనబడింది తర్వాత. జప్తు భయం ఉన్నవాడు లెక్కల పుస్తకం దాచేస్తాడు, అప్పు రద్దయిందని తెలిసినవాడే ధైర్యంగా తెరిచి చూపిస్తాడు. ఆలస్యంగా తెరిచాడన్నది వేరే సంగతి, ఆ ఆలస్యానికి మూల్యం కట్టింది ఆయన కాదు.

కూపర్ విషయంలో న్యూటన్ వాదన పెట్టుకుని కూర్చోలేదు. పాదిరి బంగళాలోకి తెచ్చుకుని ఏడాదికి పైగా ఉంచుకున్నాడు. నయం కాలేదు. అది జబ్బు. నిద్రా తిండీ మాని, దేవుడు నన్ను వదిలేశాడంటున్న మనిషికి మనవాళ్లు మొదట చెప్పేది ఉపవాస ప్రార్థన. మొదట తీసుకెళ్లాల్సింది మానసిక వైద్యుడి దగ్గరికి. ప్రార్థన ఎలాగూ ఆగదు.

జబ్బు కాని చోట ఏం చేయాలి? సువార్తల్లో దీని గురించి నన్ను వదలని మనిషి పేతురు కాదు, యూదా. అతను ఒప్పుకున్నాడు. నిర్దోషిని అప్పగించానని నోరు తెరిచి చెప్పాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగిచ్చాడు. విన్నవాళ్లు యాజకులు, వినడమే పనిగా ఉన్నవాళ్లు. దాంతో మాకేంటి, నీ సంగతి నువ్వే చూసుకో అన్నారు. యేసు పట్టుబడిన రాత్రే పేతురు, ఆయన్నెరగనని మూడుసార్లు బొంకాడు. తర్వాత తిబెరియ సరస్సు ఒడ్డున అతనికి ఎదురైంది బొగ్గుల నిప్పు, చేప, రొట్టె. ముందు తినమన్నాడు యేసు. ఆ తర్వాతే ప్రశ్న, అదీ మూడుసార్లు, అడిగిన ప్రతిసారీ ఒక పని అప్పగింపు. యూదాను చావు దాకా నెట్టిన పాపంలో వినడానికి నిరాకరించిన ఆ పెద్దల వాటా ఎంతో నాకు అంతుచిక్కదు.

మార్టిన్ లూథర్‌కు ఈ బాధ స్వయంగా తెలుసు. ఎర్ఫుర్ట్ మఠంలో సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, ఇంకేదో మర్చిపోయానని దిగులుపడేవాడు. అందుకేనేమో, మామూలు జనం కోసం రాసిన చిన్న కాటికిజంలో ఒప్పుకోలును ఎంత సులువు చేయాలో అంత సులువు చేశాడు. నువ్వు తండ్రివా, కూతురివా, యజమానివా, పనిమనిషివా, ఆ స్థానంలో ఎవరికి ఏం చేశావో చూసుకో. నీకు తెలిసిన ఒకటి రెండు చెప్పు. లేనివి వెతికి, కల్పించి, దాన్ని చిత్రహింసగా మార్చుకోకు. క్షమాపణ మాత్రం మరొకరి నోటి నుంచి విను, దేవుడి నోటి నుంచి వచ్చినట్టే నమ్ము. గుంటూరు ప్రాంతానికి లూథరన్ మిషన్ 1842లోనే వచ్చింది. నేను వెళ్లిన చోట్ల సంఘమంతా కలిసి చదివే ఒప్పుకోలు నిలిచింది, ఇలా ఒకరితో ఒకరు కూర్చుని చెప్పుకునేది మాత్రం దాదాపు పోయింది. గుంపులో చదివినప్పుడు మన పేరు ఎవరూ పిలవరు కదా.

మా సంఘంలో ఒక పెద్దావిడ, నేను పిన్నిగారూ అని పిలుస్తాను, చాలా ఏళ్లు బల్ల దగ్గరికి రాలేదు. పొలం పంపకాల్లో చెల్లెలితో మాటా మాటా అనుకుని, ఆ చెల్లెలి భర్త పోతే చూడ్డానికి కూడా వెళ్లలేదట. మొన్న అయ్యగారింటికి వెళ్లి అంతా చెప్పేసిందట.

“ఏమన్నారు?” అని అడిగాను.

“ప్రార్థన చేసి, ప్రభువు క్షమించాడమ్మా, ఇక నువ్వు తవ్వకు అన్నారు. హమ్మయ్య అని లేవబోతుంటే, మీ చెల్లెలి ఫోన్ నంబరుందా అనడిగారు.”

“ఉందా?”

“మా మనవడి ఫోన్లో ఉంది. వాడొచ్చేది సాయంత్రం.”