మసకకు గీత ఉండదు

జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో నాకు వేడినీటి ఊటల ఊళ్లంటే ఇష్టం. వేసవి సాయంత్రం స్నానం ముగించి, యుకాతా చుట్టుకుని, చెక్క చెప్పులతో షికారుకు బయల్దేరిన జనం. సత్రాల కిటికీల్లో పసుపు వెలుగు, పైన నీలం. ఎండ ఎక్కడా ఉండదు గానీ ఉక్క తెలిసిపోతుంది. ఆ ఉక్కను కాగితం మీదికి తెచ్చిందెవరు? బొమ్మ మీద సంతకం చిత్రకారుడిదే. ఉక్క మాత్రం అచ్చు వేసినవాడి పనితనమని నా నమ్మకం.

చిత్రకారుడు కవాసె హసుయినే తీసుకోండి. తొచిగి కొండల్లోని షియోబారా అలాంటి ఊరే, అతనికి చిన్నప్పటి నుంచీ తెలిసిన చోటు. 1918లో వచ్చిన అతని తొలి మూడు అచ్చు బొమ్మలూ అక్కడివే. ప్రచురణకర్త వతనబె షోజబురో. హసుయి గీసిచ్చేవాడు. చెక్కేవాడు వేరు, అచ్చు వేసేవాడు వేరు.

గీతలకో చెర్రీ పలక, రంగులకు మరికొన్ని. మన పెడన కలంకారీలో అచ్చును గుడ్డ మీద అద్దుతారు. జపాన్‌లో అచ్చు కదలదు. దాని మీద తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బరెన్‌తో వెనక నుంచి రుద్దుతారు. పలక మూలన చెక్కిన గుర్తుకు కాగితం సరిగ్గా ఆనాలి. వెంట్రుకవాసి తప్పినా కిటికీ వెలుగు గోడ మీదికి పాకుతుంది.

ఇక ఆకాశం. ఆ మసకను ఏ ఉలీ చెక్కలేదు. నున్నటి పలకను తడిగుడ్డతో తుడిచి, కుంచెకు ఒక కొసనే రంగు పట్టించి అడ్డంగా లాగుతారు. పైన ముదురు నీలం, కొండ దగ్గరికొచ్చేసరికి వట్టి కాగితం. దీన్ని బొకాషి అంటారు. ప్రతి కాగితానికీ మళ్లీ తుడవాలి, మళ్లీ పూయాలి. అందుకే ఒకే బొమ్మ రెండు ప్రతుల్లో సాయంత్రం అచ్చంగా ఒకేలా ఉండదు. కాగితం ఆరితే కుంచించుకుపోయి గుర్తుకు అందదు, తడి ఎక్కువైతే రంగు పాకుతుంది. వేసవిలో బూజు బెడద సరేసరి!

1923లో జపాన్‌ను కుదిపిన భూకంపం రేపిన మంటల్లో వతనబె దుకాణం, పలకలు, హసుయి స్కెచ్చు పుస్తకాలు కాలిపోయాయి. అంతకుముందు అచ్చయిన ప్రతులు అరుదు, ఖరీదూ ఎక్కువే.

ఖరీదు సంగతి వదిలేయండి. ఎప్పుడైనా అసలు ప్రతి కంటబడితే కాస్త పక్కకు జరిగి, వెలుగు వాలుగా పడేలా చూడండి. ఆకాశంలో బరెన్ తిరిగిన జాడలు దొరకొచ్చు. తొలి బొమ్మల్లో వాటిని కావాలనే ఉంచేవారు. ఫోన్ తెర మీద మాత్రం వాటి కోసం వెతక్కండి.