వదలడానికీ శక్తి కావాలి

నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు పొద్దంతా ఒకటే కూర్చోవడం. ఒడిలో చాట, తునికాకు, తంబాకు, దారం. వేళ్లు క్షణం ఆగవు, మెడ మాత్రం కదలదు. వంగిన తల వాలిపోకుండా ఆపడమే భుజాల కండరాలకు పని.

మా అమ్మా అలా చుట్టిన మనిషే. రాత్రిళ్లు ఆమె భుజాలు ఒత్తేదాన్ని. ఒకచోట వేలికింద చింతగింజంత గట్టిగా తగిలేది. అక్కడ నొక్కితే అమ్మ భుజం కాదు, కణత పట్టుకునేది. ఆమె తలనొప్పి పుట్టిల్లు అది.

కండరం బిగియడానికి శక్తి కావాలని అందరికీ తెలుసు. వదలడానికీ కావాలి. బిగింపు కోసం విడుదలైన కాల్షియాన్ని కణం మళ్లీ తన నిల్వల్లోకి తోడుకోవాలి, ఆ పనికి కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చవుతుంది. గంటల తరబడి బిగిసిన చోట సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. ఆక్సిజన్ తగ్గుతుంది, ఏటీపీ చాలదు, కండ వదలలేదు. అమెరికా అధ్యక్షుడు కెనడీ నడుంనొప్పికి వైద్యం చేసిన డాక్టర్ జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఇచ్చిన వివరణ ఇది. ఈ నొప్పి చోట్ల మీద 1983లో ఇద్దరూ పెద్ద గ్రంథమే తెచ్చారు. అసలు గొడవ కండలో కాదు, నరాల్లో ఉందనే పరిశోధకులూ ఉన్నారు.

కారణం ఏదైనా, ఎంత గట్టిగా నొక్కితే అంత మంచిదనే మాట వింటే నాకు కోపం వస్తుంది. వేళ్లు గడ్డను చితక్కొట్టవు. నువ్వులనూనె రాసి, ముందు చుట్టూ వెచ్చబడేదాకా రుద్దాలి. తర్వాత బొటనవేలు ఆ చోట ఆనించి, మెల్లగా బరువు వేసి ఆగాలి. మనిషి ఊపిరి బిగబట్టిందంటే ఎక్కువైనట్టే, తగ్గించాలి. ఆ ఒత్తిడి హాని చెయ్యదని నరాలకు నమ్మకం కుదిరాక నొప్పి సద్దుమణుగుతుంది, కింద కండ మెత్తబడుతుంది. చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉన్నా మర్దన జోలికి పోకుండా డాక్టరుకు చూపించాలి.

ఈ ఉపశమనం ఎక్కువ కాలం నిలవదు. తెల్లారి మళ్లీ చాట ముందు కూర్చుంటే కండ మళ్లీ పట్టేస్తుంది. మధ్యమధ్య లేచి భుజాలు తిప్పమని ఫిజియోథెరపిస్టులు చెప్పేది సరైన మాటే. కానీ కూలి వెయ్యి బీడీలకు ఇంతని కట్టిస్తారు. లేచిన ప్రతి నిమిషం ఆ కూలిలోంచే పోతుంది.