వెల చెల్లించిన ప్రశ్న ఏది?

గూగులులో “కొండపల్లి” అని వ్రాసి వెదకువారందరును ఒకే వస్తువును కోరరు. ఒకరికి పొణికి కర్రతో చేసిన బొమ్మలు కావలెను. వేరొకరికి కొండమీది కోట. ఇంకొకరికి విజయవాడనుండి అచ్చటికి పోవు బస్సు. బొమ్మల వర్తకుడు ఆ మాటకు ప్రకటన ఇచ్చినచో, దానిని నొక్కినవారు ఎవరైనను అతడు సొమ్ము చెల్లించవలసినదే. గూగులు ఈ ప్రకటనలను 2000లో ప్రారంభించి, 2002 నుండి క్లిక్కునకు ఇంత అని వసూలు చేయుచున్నది.

ఇచ్చట రెండు వేరు విషయములు కలవు. వర్తకుడు ముందుగా ఎంచుకొను మాట కీవర్డు. వెదకువాడు నిజముగా వ్రాసినది ప్రశ్న. ప్రకాశం బరాజు వద్ద కాలువకు ఎంత నీరు వదలిరో తెలిసినంత మాత్రమున ఏ పొలము తడిసినదో తెలియదు. కీవర్డు కాలువ తల వంటిది. ప్రశ్న పొలము వంటిది.

పూర్వము క్లిక్కుతోబాటు ప్రశ్నయు వర్తకుని వెబ్‌సైటునకు చేరుచుండెను. 2014 ఏప్రిలులో గూగులు దీనిని ప్రకటనల క్లిక్కులకును నిలిపివేసెను. మిగిలినది ఖాతాలోని ప్రశ్నల జాబితా. 2020 సెప్టెంబరులో దానిని కూడ కుదించి, తగినంతమంది వెదకిన ప్రశ్నలనే చూపసాగెను.

ఇందుకు చెప్పిన కారణము వ్యక్తుల గోప్యత. అది మిథ్య కాదు. 2006లో ఏఓఎల్ సంస్థ పేర్లు తొలగించి వెల్లడించిన ప్రశ్నలనుండియే పత్రికవారు ఒక స్త్రీని గుర్తింపగలిగిరి. అయినను విమర్శకు చోటు కలదు. “తగినంతమంది” అనగా ఎందరు? ఆ సంఖ్యను సంస్థ ప్రకటింపలేదు.

ఉదాహరణకు, ఒక వర్తకుడు 100 క్లిక్కులకు 8 రూపాయల చొప్పున 800 రూపాయలు చెల్లించెననుకొందము. జాబితాలో 60 క్లిక్కుల ప్రశ్నలే కన్పట్టినచో, తక్కిన 320 రూపాయలు దేనికి వ్యయమైనవో అతడెరుగడు. “కోట”, “బస్సు” వంటి మాటలున్నచోట తన ప్రకటన వలదని చెప్పు వీలు అతనికి కలదు; కాని కనబడని మాటను వలదని ఎట్లు చెప్పగలడు?

తెలుగువారికి ఈ చిక్కు మరింత గట్టిది. బొమ్మ, బొమ్మలు, బొమ్మలకు అని మన మాట రూపు మారుచుండును. రోమను లిపిలో “కొండపల్లి” చివర ఒకరు ‘ఐ’ అక్షరమును, మరొకరు ‘వై’ అక్షరమును వ్రాయుదురు. ఒకే కోరిక పలు రూపములుగా చీలిపోవును. ప్రతి రూపమును వ్రాయువారు కొలదిమందియే యగుటచే జాబితాకు ఎక్కకపోవచ్చును.

గోప్యతకు భంగము లేని మార్గము కలదు. మరుగుపరచిన ప్రశ్నలను పూర్తిగా చూపనక్కరలేదు. వానిలో తరచు వచ్చు ఒక్కొక్క మాటకు ఎన్ని క్లిక్కులు, ఎంత వ్యయము అయినదో మొత్తముగా చెప్పిన చాలును. “కోట” అను మాటనుబట్టి ఏ వ్యక్తియు బయటపడడు.

అది వచ్చువరకు వర్తకులు ప్రతి నెలయు మొత్తము క్లిక్కులనుండి జాబితాలోని క్లిక్కులను తీసివేసి, శేషమును వ్రాసి ఉంచుకొనవలెను. ఆ శేషము పెరుగుచున్నచో, విశాలముగా వర్తించు కీవర్డులను తగ్గించుట మేలు.