రాగి ఆకులో కైటిన్ కత్తెర

క్యాసంబళ్ళి చుట్టుపక్కల రాగి చేలకు అగ్గి తెగులు పాత శత్రువు. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చ, నడుమ బూడిద రంగు, అంచున గోధుమ రంగు. రైతు కంట పడేది ఆ మచ్చే. అంతకు ముందే ఆకు లోపల జరిగే పోరాటం ఎంత పనితనంతో నడుస్తుందో తెలిస్తే ఆ ఆకు మీద గౌరవం కలుగుతుంది.

తడి ఆకుకు అంటుకున్న శిలీంధ్ర బీజం మొలకెత్తి, కొసన నల్లటి బుడిపె కడుతుంది. వరి అగ్గి తెగులు శిలీంధ్రంలో కొలిస్తే ఆ బుడిపెలో ఒత్తిడి 80 వాతావరణ పీడనాల దాకా తేలింది. ఆ బలంతో ఆకు పైపొరను పొడిచి లోపలికి సన్నని పోగును పంపుతుంది. పోగు గోడలో కైటిన్, గ్లూకాన్ అనే చక్కెర గొలుసులు ఉంటాయి. మొక్క గోడల్లో కైటిన్ ఉండదు. అందుకే దాన్ని కోసే కైటినేజ్ ఎంజైమును ఆకు ఎంత తయారుచేసుకున్నా తన గోడకు హాని లేదు.

ఈ కత్తెర నిర్మాణం చూడండి. మధ్యలో ఒక గాడి, కైటిన్ గొలుసు అందులో ఒదుగుతుంది. మొక్కల్లోని ఒక ముఖ్యమైన కైటినేజ్ కుటుంబంలో ఆ గాడిలో రెండు గ్లుటామిక్ ఆమ్లాలు పని పంచుకుంటాయి. ఒకటి బంధానికి ప్రోటాన్ ఇస్తుంది, రెండోది నీటి అణువును సరిగ్గా తెగాల్సిన చోటికి మళ్ళిస్తుంది. కొన్ని రకాలకు ముందు భాగాన నలభై పైచిలుకు అమైనో ఆమ్లాల చిన్న ముడి కూడా ఉంటుంది. నాలుగు గంధకపు బంధాలతో బిగిసిన ఆ ముడి కైటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది.

కోత బాగా పడేది పోగు కొసన, గోడ అప్పుడే కడుతున్న చోట. ముదిరిన గోడలో కైటిన్ గ్లూకాన్ మాటున దాగుతుంది, అక్కడ గ్లూకాన్‌ను కోసే గ్లూకనేజ్ ఎంజైము తోడు కావాలి. ఈ రెండూ కలిస్తే ఒంటరిగా ఆపలేని శిలీంధ్రాలను కూడా ఆపుతాయని 1988లో బఠాణీ ఎంజైములతో చేసిన పరీక్షలు చూపాయి.

నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచేది తెగిన ముక్కల సంగతి. ఏడెనిమిది చక్కెరల పొడవున్న ముక్కను కణం పైపొరలోని గ్రాహకాలు గుర్తుపడతాయి. వరిలో అలాంటి గ్రాహకాన్ని 2006లో కనిపెట్టారు. గుర్తుపట్టగానే కణం గోడను గట్టిపరుస్తుంది, కైటినేజ్‌ను ఇంకా పెంచుతుంది. అంటే కోత పనే హెచ్చరిక కూడా. శిలీంధ్రమూ ఊరుకోదు: కైటిన్ మీద మరో రకం గ్లూకాన్‌ను కప్పుకుంటుంది, తెగిన ముక్కలను తన ప్రోటీన్‌తో పట్టి దాచేస్తుంది.

వరి కైటినేజ్ జన్యువును రాగిలోకి చేర్చి, ఆకు అగ్గి తెగులును తట్టుకునే మొక్కలు వచ్చాయని చెన్నై పరిశోధకులు 2012లో ప్రకటించారు. ఆ రాగి పొలాలకు చేరలేదు. కాబట్టి మొక్కకు పుట్టుకతో ఉన్న తట్టుకునే గుణాన్నే కాపాడుకోవాలి. విత్తనం కొనేటప్పుడు జీపీయూ-28 లాంటి అగ్గి తెగులును తట్టుకునే రకం అడిగి తీసుకోండి. నత్రజని ఎక్కువైతే ఈ తెగులు విజృంభిస్తుంది, యూరియా మోతాదు మించనివ్వకండి.