నేల కింది లెక్క

ఇల్లు బాగుచేయించుకోవాలనుకునే వాళ్ళు నేల సంగతి రాగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే: అడుక్కి ఎంత? విజయవాడలో ఉండే మా పిన్ని కూడా అదే అడిగింది. హాల్లో పాత మొజాయిక్ తీయించేసి టైల్స్ వేయించాలని ఆవిడ ఆలోచన. "అడుక్కి ఎంతవుద్దో చెప్పరా, మిగతాది నేనే లెక్కేసుకుంటా" అంది. ఆ మిగతాదే అసలు లెక్క. అడుగు ధర షాపువాడు చెప్తాడు. అది దేనికి సరిపోతుందో, దేనికి సరిపోదో చెప్పాల్సింది మాత్రం మన ఇంటి నేల.

అందుకే ఎస్టిమేటు టేపుతో మొదలవ్వాలి. పొడవు, వెడల్పు ఒక్కోసారి కొలిచి రాసుకుంటే పని అయిపోయిందనుకుంటాం. మంచి తాపీ మేస్త్రీ అక్కడితో ఆగడు. ఒకే గదిని రెండు మూడు చోట్ల కొలుస్తాడు. ఆ తర్వాత మూల నుంచి ఎదుటి మూలకి టేపు లాగుతాడు. ఎదురెదురు గోడలు సమానంగా ఉండి, ఈ రెండు అడ్డ కొలతలూ కలిస్తే గది మూలమట్టానికి ఉన్నట్టు. కలవకపోతే గోడ వారన టైలు ఒక కొసన సన్నగా, ఇంకో కొసన వెడల్పుగా కోయాల్సి వస్తుంది. కోత పెరిగితే వృథా పెరుగుతుంది. చివరగా నీళ్ళ గొట్టంతో మట్టం చూస్తాడు. గొట్టం ఒక కొస గుమ్మం దగ్గర, రెండో కొస ఒక్కో మూలలో పట్టుకుని గోడ మీద గీతలు పెడితే, నేల ఎక్కడ ఎంత కుంగిందో తేలిపోతుంది. పాత ఇళ్ళలో ఒక మూల అంగుళం దిగి ఉండటం తరచూ చూస్తాం. ఆ అంగుళాన్ని నింపడానికి సిమెంటు, ఇసుక కావాలి. చదరపు అడుగు ధరలో అది కనపడదు.

మా పిన్ని హాలు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. అంటే 216 చదరపు అడుగులు. షాపులో 'టూ బై టూ' అనే టైలుని నాలుగు అడుగులుగా, నాలుగు టైళ్ళ పెట్టెను 16 అడుగులుగా లెక్కేసుకుంటాం. ఆ లెక్కన 14 పెట్టెలు చాలు. కానీ ఆ టైలు నిజానికి 600 మిల్లీమీటర్లు, రెండడుగుల కంటే కాస్త తక్కువ. పెట్టె మీద రాసి ఉండేది 1.44 చదరపు మీటర్లు, అంటే 15.5 చదరపు అడుగులు. పైగా గుమ్మాల కింది జాగా మరో నాలుగున్నర అడుగులు. గోడల వెంబడి నాలుగంగుళాల స్కర్టింగ్, తలుపుల వెడల్పు తీసేయగా, 50 రన్నింగ్ అడుగులు. దానికి దాదాపు 17 చదరపు అడుగులు. మొత్తం 238. కోతలకీ, పగుళ్ళకీ 7 శాతం కలిపితే 255. పెట్టెల్లోకి మారిస్తే 17. టైళ్ళు ఐమూలగా వేయించుకుంటే వృథా 10 నుంచి 15 శాతం దాకా పోతుంది.

దీనికి ఇంకో పెట్టె కలపమంటాను. ప్రతి పెట్టె మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఉంటాయి. అదే డిజైను ఇంకో బ్యాచ్‌లో వస్తే రంగులో తేడా తెలిసిపోతుంది. నాలుగేళ్ళ తర్వాత పైపు లీకై రెండు టైళ్ళు పగలగొట్టాల్సి వస్తే, అటక మీద దాచిన పెట్టె తప్ప వేరే దిక్కు ఉండదు. కాబట్టి 18 పెట్టెలు, 279 చదరపు అడుగులు. అడుగు 60 రూపాయల టైలు అనుకుంటే 16,740 రూపాయలు. చెప్పిన ధరలో పన్ను లేకపోతే 18 శాతం జీఎస్టీతో 19,753. పిన్ని మనసులో వేసుకున్న లెక్క 216ని 60తో గుణించిన 12,960. ఆ తేడాలో ఎవరి మోసమూ లేదు. నేలని పూర్తిగా చూడకుండా గుణించిన ఫలితం అది.

ఇంతవరకూ టైలు గురించే. ఇప్పుడు దాని కిందికి వెళ్దాం. నేలను నిలబెట్టేది అక్కడుంది.

రెండంగుళాల మందాన మాలు వేస్తే ఈ హాలుకి 36 ఘనపుటడుగులు పడుతుంది. తడిపి కలిపాక సిమెంటు, ఇసుక కుదించుకుపోతాయి కాబట్టి పొడిగా 48 ఘనపుటడుగుల సరుకు తెచ్చుకోవాలి. ఒకటికి ఆరు పాళ్ళలో అయితే ఐదున్నర బస్తాల సిమెంటు, 41 ఘనపుటడుగుల ఇసుక. టైలు కింద పోసే సిమెంటు పాలకి మరో బస్తానో రెండో. ఒక మూల అంగుళం కుంగి, గది మొత్తం మీద సగటున అరంగుళం ఎక్కువ మాలు పడితే, ఇంకో బస్తాన్నర సిమెంటు, 10 ఘనపుటడుగుల ఇసుక కలపాలి. నీళ్ళ గొట్టంతో మట్టం చూసింది ఇందుకే.

ఆ మాలు బరువు దగ్గర దగ్గర రెండు టన్నులు. మూడో అంతస్తులో లిఫ్టు లేని ఇల్లయితే ఆ రెండు టన్నులూ మనుషుల నెత్తిమీద ఎక్కాలి. అంతకుముందు పాత మొజాయిక్కూ, దాని కింది మాలూ కలిసి అంతకు తక్కువ కాని బరువు రబ్బిష్‌గా అవే మెట్ల మీద దిగాలి. పగలగొట్టే కూలి, దింపే కూలి, తీసుకెళ్ళే ట్రాక్టరు బాడుగ. కొత్త ఇంటికి రాసే ఎస్టిమేటులో ఈ వరసలు ఉండవు. పాత ఇంటి ఎస్టిమేటులో ఇవే ముందు రాయాలి. పాత నేల తీయకుండా దాని మీదే మళ్ళీ రెండంగుళాల మాలు వేస్తామని ఎవరైనా అంటే, ఇంజనీరుని అడగకుండా ఒప్పుకోవద్దు. ఆ బరువు మోయాల్సింది పాత స్లాబు.

పాత నేల మీద జిగురుతో టైలు అంటించడం ఇంకో దారి. ఇరవై కిలోల బస్తా సుమారుగా 40, 50 చదరపు అడుగులకి వస్తుంది. రబ్బిష్ ఉండదు, బరువు తక్కువ. కానీ నేల అరంగుళం పైకి లేస్తుంది. తలుపుల అడుగులు కోయించాలి, బాత్రూం గుమ్మం దగ్గర మట్టం సరిచూసుకోవాలి. అన్నిటికంటే ముందు పాత నేలంతా కర్రతో తట్టి వినాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట జిగురు ఎంత మంచిదైనా లాభం లేదు.

మూడో వరస ఒకటుంది. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ రాయరు. పాత నేలని అలాగే ఉంచి పాలిష్ పట్టించడం. పాలరాతి చిప్పలు కలిపి పోసిన మొజాయిక్‌ని మళ్ళీ రాయి పట్టి అరగదీస్తే కొత్త ముఖం వస్తుంది. మన నాపరాళ్ళూ అంతే. తాండూరు, షాబాదు, బేతంచర్ల, కడప, మాచర్ల, ఏ ఊరి రాయి అయినా పగలకుండా ఉంటే దాని ఆయుష్షు టైలుకి తీసిపోదు. తాతలనాటి బండలు పగలగొట్టి మెట్ల మీంచి దింపే ముందు, పాలిష్ ఖర్చు ఎంతో కనుక్కుని పక్కన రాసి చూడాలని నేను ప్రతి ఇంట్లోనూ పట్టుబడతాను. మా పిన్ని మూడు వరసలూ చూసింది. హాలుకి పాలిష్ చాలనుకుంది. మిగిలిన డబ్బు బాత్రూం నేలకి మళ్ళించింది. అక్కడ వాటం సరిగ్గా లేక నీళ్ళు గుమ్మం దగ్గర నిలుస్తున్నాయి. డెబ్బై దాటిన బాబాయి రోజూ నడిచే చోటు అది. గరుకు టైలు, సరైన వాటం ముందుగా కావాల్సింది అక్కడే. చదరపు అడుగు ధర అడిగి ఆగి ఉంటే ఆ సంగతి కాగితం మీదకి వచ్చేదే కాదు.

ఇక కూలి. బడ్జెట్ మించగానే మన చేయి ముందు పడేది దీని మీదే. టైలు మారిస్తే ఇంట్లో వాళ్ళు ఊరుకోరు, సిమెంటు ధర మన చేతిలో లేదు, మేస్త్రీతో మాత్రం బేరమాడొచ్చు అనుకుంటాం. కొలత మీద వచ్చే కూలి తగ్గిన కొద్దీ రోజుకి ఎక్కువ అడుగులు వేస్తే తప్ప అతనికి గిట్టదు. తొందరలో టైలు కింద జిగురు పూర్తిగా పరచకుండా ఐదు చోట్ల ముద్దలు పెట్టి అతికిస్తారు. మధ్యలో డొల్ల మిగులుతుంది. బరువైన మంచం కాలు ఆనిన రోజున అక్కడే పగులుతుంది. రెండు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టే ఓపిక లేక, సందు లేకుండా ఆనించి వేస్తే ఎండాకాలంలో టైళ్ళు వ్యాకోచించి, ఒకదాన్నొకటి నెట్టుకుని లేచిపోతాయి. అందుకే కూలి వరస ముందు రాసి, దానికి గీటు పెట్టి, మిగిలిన డబ్బుకి తగ్గ టైలు ఎంచుకోమంటాను. యాభై రూపాయల టైలుతో నిదానంగా వేయించుకున్న నేల, నూరు రూపాయల టైలుతో హడావుడిగా వేయించుకున్న నేలకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

మరి ఈ లెక్క ఎవరు వేయాలి? షాపులో ఉచితంగా వేసిచ్చే లెక్క టైలు దగ్గర ఆగిపోతుంది. పని దక్కించుకోవడానికి ఉచితంగా ఇచ్చే లెక్కలో అంకె చిన్నదిగా ఉంటుంది, వదిలేసిన వరసలు పని మధ్యలో ఒక్కొక్కటే పైకొస్తాయి. నా మాట వింటే, అనుభవమున్న మేస్త్రీని ఒక పూట పిలిపించండి. పని అతనికే ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ పూట కూలి ముందే చెప్పి చేతిలో పెట్టండి. గదులన్నీ కొలిపించండి, మట్టం చూపించమనండి, నేల తట్టించండి. పగలగొట్టడం, దింపడం, మాలు, టైలు, స్కర్టింగ్, కూలి, పాలిష్ విడివిడి వరసలుగా రాయించి, కింద పది శాతం అనుకోని ఖర్చుకి ఉంచండి. లెక్క కట్టడం కూడా నైపుణ్యమున్న పనే. దానికి కూలి ఇచ్చినప్పుడే మేస్త్రీ పని దక్కించుకోవడానికి కాక, మన నేల తరఫున మాట్లాడతాడు.